మిరపకాయ మీద పడ్డ నింద

కాళ్ళు మండుతున్నాయని చెబితే మా వైపు ఎవరూ జాలిపడరు. మిరప పండించేవాడికి మంట కూడా ఒక జబ్బేనా? కోతలప్పుడు కళ్ళు మండుతాయి. కల్లంలో కాయ ఎండేటప్పుడు ముక్కు మండుతుంది. కాయను తొక్కి బస్తాలకెత్తే కూలీలకు మోకాళ్ళదాకా మండుతుంది. సాయంత్రం వేణ్ణీళ్ళు పోసుకున్నాక అసలు మంట మొదలవుతుంది. అందుకే 2002 కోతల్లో నా అరికాళ్ళు మండడం మొదలైనప్పుడు ఊరంతా కలిసి ఆ నేరాన్ని మిరపకాయ మీదికి తోసేసింది. నేనూ తోశాను. మిరపకాయ నోరులేనిది కాబట్టి ఊరుకుంది.

అది మిరపకాయ చేసిన పని కాదు, హెచ్‌ఐవీ చేసిన పని. ఆ జబ్బు ఒంట్లో చేరి ఏళ్ళ తరబడి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని, చివరికి కొందరిలో నరాల మీద పడుతుందని నాకు తెలియడానికి ఏడాది దాటింది. ఈలోగా నా పాదాలకు జరిగిన మర్యాదలన్నీ ఇక్కడ రాస్తున్నాను. కాళ్ళు మండుతూ వాటి మీద మజ్జిగ పోయించుకుంటున్నవాళ్ళు మా జిల్లాల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళు ఇది చదవాలి. చదవడం రానివాళ్ళకు ఎవరైనా చదివి వినిపించాలి.

ముందే ఒక మాట. ఈ జబ్బు పేరు చెప్పగానే ప్రతివాడూ అడిగేది ఒకటే, ఎలా వచ్చిందని. మలేరియా వచ్చినవాణ్ణి ఏ దోమ కుట్టిందని ఎవరూ అడగరు. నాకు ఎలా వచ్చిందో నా భార్య అనసూయకు చెప్పాను. అడిగే హక్కున్న మనిషి ఆమె ఒక్కతే. అంతా విని కొన్నాళ్ళు నాతో మాట్లాడడం మానేసింది. తర్వాత మాట్లాడింది. ఆ మాటలు విన్నాక మాట్లాడని రోజులే నయమనిపించింది. ఆమెకు పరీక్ష చేయిస్తే లేదని వచ్చింది. ఆ విషయం ఇంతటితో సరి.

నేను బడిలో చదివింది మూడో తరగతి వరకే. మిగతా చదువంతా పచారీ కొట్టు పొట్లాల మీద సాగింది. పప్పు పొట్లం విప్పితే ఒక కథ, బెల్లం పొట్లం విప్పితే ఒక శాసనసభ చర్చ. కథ సగంలో చిరిగిపోతే మిగతా సగం దొరుకుతుందేమోనని మళ్ళీ అదే కొట్టుకు వెళ్ళి అక్కర్లేని బెల్లం కొన్న రోజులున్నాయి. అలా చదువుకున్నవాడికి ఒక రోగం ఉంటుంది. అచ్చులో తప్పు కనబడితే ఊరుకోలేడు. ఎదుటివాడి మాటలో తప్పు కనబడితే అసలే ఊరుకోలేడు. నా కష్టాల్లో సగం దానివల్లే వచ్చాయి.

అద్దంకి నుంచి గుంటూరు పోయే దారిలో ఉన్న మా ఊళ్ళో నాకు జీతం లేని ఉద్యోగం ఒకటుంది. కల్లంలో ఆరబెట్టిన కాయ సరిగ్గా ఎండిందో లేదో బస్తాలకెత్తే ముందు ఎవరో ఒకరు చెప్పాలి. పచ్చిగా ఉండగా తొక్కితే బస్తాలో బూజు పడుతుంది. మరీ ఎండితే పెళుసుగా విరిగి గింజ రాలిపోతుంది. ఆ మాట చెప్పేది నేను. కుప్పలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, గుప్పెడు కాయ పట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఎత్తుకో" అనో, "ఆగు" అనో చెప్పేవాణ్ణి. పెళ్ళికి పిలిచినట్టు ఇంటికి వచ్చి పిలిచేవాళ్ళు. పిలవకపోతే నేనే అలిగేవాణ్ణి. ఈ జబ్బులో ప్రాణం గురించి భయపడలేదని అబద్ధం చెప్పను గానీ, అంతకంటే ఎక్కువగా భయపడింది ఆ పిలుపు ఆగిపోతుందనే.

సరే, మంట సంగతి. 2002లో వైద్యం ఇంట్లోనే మొదలైంది. అనసూయ రోజూ పుల్ల మజ్జిగ తెచ్చి కాళ్ళ మీద పోసేది. మా పిల్లి నా పాదాల చుట్టూ తిరగడం నేర్చుకుంది. అనసూయ తమ్ముడు కోటేశ్వరరావు ఆముదం తెచ్చాడు. మాకు పిల్లల్లేరు. తల్లి పోయాక అతణ్ణి అనసూయే పెంచింది. కాబట్టి కోటేశ్వరరావు నాకు బావమరిదీ, కొడుకూ, శత్రువూ అన్నీను. ఆముదం రాసుకుని అరుగు దిగబోయి నేను జారి పడితే, మంట తగ్గిందా బావా అని అడిగాడు గానీ, దెబ్బ తగిలిందా అని అడగలేదు.

మా ఊరి ఆరెంపీ డాక్టరు నా పాదాలను అటూ ఇటూ తిప్పి చూసి, మిరప ఘాటు నరాల్లోకి ఎక్కిందని తేల్చేశాడు. నలభై ఏళ్ళుగా మిరపలో తిరుగుతున్నాను, ఇన్నాళ్ళూ ఆ ఘాటు ఎక్కడ ఆగిందయ్యా అని అడిగాను. దారిలో ఉందన్నాడు. ఎర్రమందు ఇంజెక్షన్లు పొడిచాడు. వాటితో కూర్చునే చోట కూడా మంట మొదలైంది.

ఆ తర్వాత మంటతోపాటు తిమ్మిరి వచ్చింది. ఇది విచిత్రం. మండుతున్న కాలికే స్పర్శ తెలియదు. నిప్పుల మీద నడుస్తున్నట్టు ఉంటుంది, కింద ఉన్నది నేలో పరుపో మాత్రం తెలియదు. చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు. రెండు చెప్పులతో వెళ్ళి ఒక చెప్పుతో ఇంటికి వచ్చేవాణ్ణి. అనసూయ గుమ్మంలో నిలబడి ముందు నా కాళ్ళు చూసేది, తర్వాత మొహం చూసేది. ఊరివాళ్ళు మంచివాళ్ళే. దారిలో దొరికిన చెప్పును ఎవరో ఒకరు చేత్తో పట్టుకొచ్చి మా అరుగు కింద పెట్టేవాళ్ళు. ఆ "చేత్తో" అన్న మాట గుర్తుంచుకోండి.

2003 వానాకాలానికి మనిషిని సగమయ్యాను. అన్నం సహించదు, నోరంతా తెల్లపూత. గుంటూరు వెళ్దామని అనసూయ పట్టుబట్టింది. బయలుదేరే ముందురోజు వాళ్ళ పెద్దమ్మ వచ్చి, వేడి లాగేస్తుందని నా పాదాలకు గోరింటాకు దట్టంగా పట్టించింది. కదలకుండా కూర్చోబెట్టి, మడమల దాకా, వేళ్ళ సందుల్లో కూడా. తెల్లారేసరికి నా పాదాలు పెళ్ళికూతురి పాదాల్లా పండాయి. అంత ఎర్రగా పండితే మొగుడు మంచివాడు దొరుకుతాడని ఆవిడ అలవాటుగా అనేసి నాలిక కరుచుకుంది.

అలా గోరింటాకు కాళ్ళతో గుంటూరులో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. దాని పేరు రాయను. వాళ్ళతో నాకు ఒక పేచీ ఉంది, అది ముందు ముందు వస్తుంది. బయట బల్లల మీద జనం. మొదట అందరూ ఎవరి బాధలో వాళ్ళున్నారు. నేను చెప్పులు విప్పగానే బల్ల అంతా కాస్త తేరుకుంది. ఒకావిడ మూలుగు ఆపి మరీ నా కాళ్ళు చూసింది. అనసూయ తన చీర చెంగు నా పాదాల మీద కప్పింది. ఆ పనితో ఇంకా నాలుగు కళ్ళు ఇటు తిరిగాయి.

డాక్టరమ్మది చిన్న వయసు. నా పాదాలు చూసి పెదవులు బిగపట్టింది. ఆవిడ వెనక నిలబడ్డ డాక్టరీ చదివే పిల్లలు ఆ మాత్రం కూడా బిగపట్టలేదు. ఇంట్లో పెళ్ళా తాతగారూ అని అడిగింది. వేడికి పెట్టారమ్మా అన్నాను. అప్పుడు సొరుగులోంచి రెండు కొమ్ముల ఇనప పరికరం ఒకటి తీసింది. చూడగానే గుర్తుపట్టాను. శృతిదండం. ఎనిమిదో తరగతి సామాన్యశాస్త్రంలో ఉంటుంది, నాకు శనగపప్పు పొట్లంగా పరిచయం. అది చెబితే సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ దాన్ని అరచేతికేసి కొట్టి నా కాలి బొటనవేలి మీద ఆనించింది.

"మోగుతోందా?"

"బ్రహ్మాండంగా మోగుతోందమ్మా."

"ఎక్కడ?"

"ఎక్కడేమిటి, గదంతా మోగుతోంది."

"చెవితో కాదు తాతగారూ, కాలితో చెప్పండి."

కాలితో చెప్పడానికి ఏమీ లేదు. వేలి మీద లేదు, మడమ మీద లేదు, పిక్క ఎముక మీద లేదు. మోకాలి దగ్గరికి వచ్చాక జుమ్మని ఎముకలోకి ఎక్కింది. అంతవరకూ నాకు కూడా ఆ పిల్లలతోపాటు నవ్వు వస్తూనే ఉంది. అక్కడ ఆగిపోయింది. మోకాలి కింద ఉన్నది నా మాట వినడం మానేసి ఎంత కాలమైందో, ఎవరూ నాకు చెప్పలేదు.

రక్తపరీక్ష రాసింది. ఫలితం చెప్పడానికి ఇంకో గదిలోకి పిలిచారు. అక్కడ ఒక కౌన్సిలర్ అమ్మాయి, ఒక బల్ల, మంచినీళ్ళ గ్లాసు. ఆ అమ్మాయి మెల్లగా, మర్యాదగా జబ్బు పేరు చెప్పింది. కాళ్ళ మంటకు కారణం కూడా అదే కావచ్చని డాక్టరమ్మ అనుకుంటున్నట్టు చెప్పింది. నేను విన్నాను. విన్నానని తెలుసు, ఆ మాటలు మాత్రం లోపలికి పోలేదు. ఎదురుగా గోడ మీద ఒక పోస్టరు. పుర్రె, దాని కింద రెండు ఎముకలు, ఆ కింద పెద్ద అక్షరాలతో "ఎయిడ్స్‌కు మందు లేదు" అని ఉంది. నాకు కోపం వచ్చింది. ఆ నిమిషంలో కోపం ఒక్కటే నాకు చేతనయ్యింది.

"ఏమ్మా, మందు లేదని మీరే గోడ మీద రాశారు. మరి నన్ను కూర్చోబెట్టి ధైర్యం ఎందుకు చెబుతున్నావు?"

మందులున్నాయని, పూర్తిగా నయం కాకపోయినా అదుపులో ఉంటుందని, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుందని అంటున్నారని చెప్పింది. అదే గోడ మీద రాయొచ్చు కదా అన్నాను. ఆ పోస్టరు పాతదండీ అంది. పాతదైతే చింపేయమన్నాను. గవర్నమెంటుదండీ అంది. ఈ జబ్బు రానివాళ్ళను భయపెట్టే బొమ్మని, వచ్చినవాళ్ళు కూర్చునే గదిలో పెట్టిన పెద్దమనిషి ఎవరో నాకు చూపించమన్నాను. అనసూయ నా మోచెయ్యి పట్టుకుని, "పుర్రె సంగతి తర్వాత చూద్దాం, ముందు లేవండి" అంది. ఆ పట్టు బస్సెక్కేదాకా వదల్లేదు. తర్వాత కొన్నాళ్ళు మాట్లాడలేదని చెప్పాను కదా, అది ఇక్కడినుంచే.

మళ్ళీసారి వెళ్ళేసరికి ఆ పుర్రె మీద వేంకటేశ్వరస్వామి క్యాలెండరు వేలాడుతోంది. ఆ అమ్మాయి నావైపు చూసి ఏమీ తెలియనట్టు కాగితాలు సర్దుకుంది.

ఈ రహస్యం మా ఇద్దరి మధ్యే ఉండాలని అనసూయ దేవుడి పటం ముందు నా దగ్గర మాట తీసుకుంది. నేను నిలబెట్టుకున్నాను కూడా, 2004 సంక్రాంతి పోయి కల్లాలు చేసే రోజులదాకా.

అప్పటికి నా నడక పూర్తిగా మారిపోయింది. కాళ్ళు ఎడంగా పెట్టి, నేలను చూస్తూ, అడుగు ఎత్తెత్తి వేస్తూ నడిచేవాణ్ణి. మసక వెలుతురైతే తూలేవాణ్ణి. మా ఊళ్ళో సారాకు వ్యతిరేకంగా ఆడవాళ్ళు ఊరేగింపు తీసిన రోజుల్లో మగవాళ్ళలో ముందు నడిచినవాణ్ణి నేనే. తాగి వచ్చినవాణ్ణి వీధిలో నిలబెట్టి గంటసేపు నీతులు చెప్పేవాణ్ణి. ఆ గంటకు భయపడి తాగుడు మానేసినవాళ్ళున్నారు. ఒకనాటి సాయంత్రం నేను టీ కొట్టుకు వచ్చి బల్ల తట్టుకుని తూలాను. కోటేశ్వరరావు అక్కడే ఉన్నాడు.

"ఏం బావా, ఈ వయసులో మొదలెట్టావా?"

కొట్టంతా నవ్వింది. వాళ్ళలో నేను నీతులు చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళు ఇంకాస్త గట్టిగా నవ్వారు. ఏం తాగావని ఒకడు, ఎక్కడ దొరికిందని ఒకడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈసారి కాళ్ళు కాదు, పైన.

"ఒరేయ్, నా నోట్లో చుక్క పడిందని ఒక్కడు నిరూపించండిరా! నాది తాగుడు కాదు, హెచ్‌ఐవీ. నరాలు దెబ్బతిన్నాయి. గుంటూరులో పరీక్ష చేసి మరీ చెప్పారు."

నా పరువు నిలబెట్టుకున్నానని నిజంగానే అనుకున్నాను. ఛాతీ విరుచుకుని చుట్టూ చూశాను కూడా. ఎవరూ నవ్వడం లేదు. టీ కొట్టు ఆసామి నా మొహం చూడ్డం లేదు, నా చేతిలో ఉన్న గాజు గ్లాసు చూస్తున్నాడు. అప్పుడు తెలిసింది, ఏ నింద తుడుచుకుని ఏది పూసుకున్నానో.

ఇంటికి వచ్చేసరికి అనసూయ గుమ్మంలో ఉంది.

"ఇంకో చెప్పు ఏది?"

"టీ కొట్టు దగ్గరుంటుంది."

"ఇంకా ఏమన్నా వదిలొచ్చారా అక్కడ?"

"అంతా వదిలేశాను" అన్నాను.

ఆమెకు అర్థమైంది. అక్కడే గడప మీద కూర్చుంది. "తాగుతున్నాడనుకుంటే అనుకోనివ్వాల్సింది. ఊళ్ళో ఇంతమంది మొగుళ్ళు తాగుతారు, అందులో మీరొకరు. ఇప్పుడు మీరు ఎవరిలో ఒకరు?" అంది. అలాంటి ప్రశ్న పొట్లాల్లో ఎక్కడా చదవలేదు.

పొద్దున్నే నా చెప్పు వచ్చింది. కోటేశ్వరరావు గేటు అవతల నిలబడి, ఎడ్లను తోలే ముల్లుగర్ర చివర దాన్ని తగిలించి, పామును ఎత్తిపట్టినట్టు పట్టుకున్నాడు. అక్కా, బావ చెప్పు అని గేటు మీదుగా లోపలికి జార్చాడు. తను అన్నం ముద్దలు పెట్టి పెంచిన చేతులతో అనసూయ ఆ చెప్పు తీసి పక్కన పెట్టింది.

"ఆ గర్ర కూడా కడుక్కోరా. ఎడ్లకి అంటుకోగలదు" అంది.

వాడు తల దించుకున్నాడు గానీ గేటు దాటి లోపలికి రాలేదు. ఆ రోజునుంచి మా ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగలేదు. కల్లంలోకి రావొద్దని మనిషితో కబురు పంపాడు. నా చెయ్యి కుప్పలో పెట్టానని తెలిస్తే గుంటూరు మిర్చి యార్డులో కాయ కొనరట. ముట్టుకుంటే ఈ జబ్బు అంటదని ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన అచ్చుకాగితం తీసుకెళ్ళి టీ కొట్టు రాటకు అంటించాను. మేక తినేసింది. ఆ మేకకు కూడా ఏమీ కాలేదు, కనీసం దాన్నైనా ఎవరూ గమనించలేదు.

ఆ కోతల్లో నన్ను ఎవరూ పిలవలేదు. తర్వాతి ఏడాదీ పిలవలేదు.

2005లో ప్రభుత్వం మందులు నాకు అందాయి. నెలనెలా గుంటూరు బస్సు, నెలనెలా అదే బల్ల. కొద్ది నెలలకు ఆకలి వేసింది. నోటికి రుచి తెలిసింది. అనసూయ వంటకు వంకలు పెట్టాను, ఆమె మొదటిసారి కళ్ళు తుడుచుకుంది. కాళ్ళ మంట మాత్రం రెట్టింపయ్యింది. నీళ్ళ తొట్టెలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. దుప్పటి అంచు తగిలినా భరించలేను. మందు డబ్బాలోని కాగితం మీది చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాలు మందుల షాపు కుర్రాడి చేత చదివిస్తే, ఆ మందుల్లో ఒకదానికే నరాలను మండించే గుణం ఉందని తెలిసింది. నా ప్రాణాన్ని కాపాడే చేత్తోనే కాళ్ళు గుంజుకుంటోందన్నమాట. ఇక మానేద్దామని నిర్ణయించుకుని, ఆ సంగతి చెప్పి వాళ్ళను నిలదీయడానికే ఆ నెల గుంటూరు వెళ్ళాను.

బల్ల మీద నా పక్కన మరియమ్మ అనే ఆవిడ కూర్చుంది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో పనిచేస్తుంది. భర్త ఇదే జబ్బుతో పోయాడు. అప్పటికి నా పాదాలకు గోరింటాకు లేదు, అయినా ఆవిడ వాటినే చూస్తోంది. మాది మిరప పండించే ఊరని అప్పటికే చెప్పాను.

"నీకేం చెప్పారు బాబాయ్, మిరపకాయా?"

అవునన్నాను.

"మాకు సున్నం. సున్నం తొక్కితే మండవా మరి అన్నారు. నేనూ అంతే అనుకున్నా."

అవతల చివర కూర్చున్న పొగాకు రైతు ఒకడు తల ఇటు తిప్పి, తన కాళ్ళకు ఆకు కాల్చే బ్యారన్ వేడి అని చెప్పారన్నాడు. ముగ్గురం ఒకరి కాళ్ళు ఒకరం చూసుకున్నాం. మిరపకాయ, సున్నం, పొగాకు. పాపం, ఏ నేరమూ చేయని మూడు సరుకులు. మరియమ్మకు నవ్వొచ్చింది, ఆవిణ్ణి చూసి నాకూ వచ్చింది. ఆ బల్ల మీద నవ్వు వినబడి చాలా కాలమైనట్టుంది, నర్సు బయటికి తొంగిచూసింది.

మందు మానేస్తున్నానని ఆవిడతో చెప్పాను. నవ్వు ఆపేసింది. వాళ్ళాయన కూడా అలాగే మానేశాడట, మండుతోందని కాదు, బాగుందని. "నువ్వు లోపలికెళ్ళి ఎంత అరుస్తావో అరుచుకో బాబాయ్. మాత్ర మాత్రం ఆపమాక" అంది. అని సంచిలోంచి పురికొస తీసి, వంగి, నా చెప్పులను మడమ వెనకనుంచి తిప్పి కాళ్ళకు కట్టింది. పరాయి మనిషి నా పాదాన్ని ముట్టుకుని ఎన్నాళ్ళయిందో. స్పర్శ లేని పాదం కదా, నాకేమీ తెలియలేదు. కళ్ళతో చూశాను, అంతే. అది చాలు.

లోపలికి వెళ్ళి అరిచాను. డాక్టరమ్మ ఓపికగా విని, మళ్ళీ శృతిదండం తీసి, పైవాళ్ళతో మాట్లాడి, ఆ ఒక్క మాత్రను మార్చింది. మంటకు వేరే మాత్ర కూడా ఇచ్చింది. వెంటనే తగ్గలేదు. తొట్టె నీళ్ళు నెమ్మదిగా అవసరం లేకుండా పోయాయి. తిమ్మిరి మాత్రం ఉండిపోయింది. అది చేతివేళ్ళకూ పాకిందని ఇంట్లో కాయ పట్టుకున్నప్పుడు తెలిసింది. గుప్పెడు మిరపకాయ నా చేతికి ఏమీ చెప్పలేదు. గడ్డి పట్టుకున్నా అంతే ఉండేదేమో. ఆ సంగతి అనసూయకు కూడా చెప్పలేదు. ఎలాగూ ఎవరూ పిలవడం లేదు కదా, బయటపడదులే అనుకున్నాను. అంతటి దరిద్రపు ఊరట ఇంకొకటి ఉండదు.

2006 కోతలప్పుడు అరుగు మీద కూర్చుని ఉన్నాను. కోటేశ్వరరావు కల్లం మా పెరటి వెనకే. గంపలతో కాయ పోస్తున్నారు. ఆ చప్పుడు వింటూ, "మీ తమ్ముడు తొందరపడుతున్నాడు, అది ఇంకా పచ్చిగా ఉంది" అన్నాను.

"ఇక్కణ్ణించి మీకెలా తెలుసు?"

"వినబడ్డంలా?"

"నాకు మీ గొంతు తప్ప ఇంకేం వినబడి చచ్చింది ఈ ఇంట్లో" అంది అనసూయ.

ఆ బస్తాలకు బూజు పట్టింది. గుంటూరు వెళ్ళి, బేరం కాక, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. అనసూయ గోడ పక్కన నిలబడి, మీ బావ ఆ రోజే చెప్పాడురా, అరుగు మీంచే చెప్పాడు అని అంది.

2007 కోతల్లో, మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం, గేటు చప్పుడైంది. కోటేశ్వరరావు. గేటు దాటి అరుగుదాకా వచ్చాడు. అనసూయ మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది, తాగమని అనలేదు. వాడు తాగాడు. తాగాక, "బావా, కాయ చూడాలి. వానొచ్చేట్టుంది" అన్నాడు.

పురికొస బిగించుకుని బయలుదేరాను. కల్లంలో కూలీలు గోతాలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఆకాశం నల్లగా ఉంది. అందరూ ఎత్తేయమనే మాట కోసమే చూస్తున్నారు. మోకాళ్ళ మీద కూర్చుని కుప్పలోకి చెయ్యి దూర్చాను. కళ్ళు మూసుకున్నాను. పైనుంచి చూసేవాళ్ళకు అంతా పాతరోజుల్లాగే ఉండి ఉంటుంది. నాకు మాత్రం చెయ్యి ఎక్కడుందో కూడా తెలియడం లేదు. ఎత్తమంటే పోయిన ఏడాది బూజు, ఆగమంటే ఈ ఏడాది వాన. ఏదో ఒకటి నోటికొచ్చింది చెప్పేసి లేద్దామా అనిపించింది.

అప్పుడు ఆ డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. చెవితో కాదు తాతగారూ, కాలితో అంది. కాలు చెప్పదు, చెయ్యి చెప్పదు. చెవి ఒక్కటే పనిలో ఉంది. కుప్ప అడుగునుంచి గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడించాను. బాగా ఎండిన కాయలో గింజ విడివడి గలగలమంటుంది. ఇది పలకకుండా గునుస్తోంది. గింజ ఇంకా తోలుకు అంటుకునే ఉంది. పైనుంచి ఇంకో గుప్పెడు తీసి ఆడించాను. ఇది పలికింది. మళ్ళీ అడుగుది. పలకలేదు.

"పైన ఎండింది, అడుగు ఎండలేదు. ఎత్తొద్దు. పరదాలు కప్పు" అన్నాను.

కూలీలు ఆకాశం వైపు చూశారు. కోటేశ్వరరావు నా చెవి వైపు చూశాడు. ఇంతకాలం చేత్తో చూసినవాడు చెవిలో పెట్టుకోవడం ఏమిటని వాడి అనుమానం. అయినా, "కప్పండ్రా" అన్నాడు.

చినుకులు పడి మబ్బు పోయింది. మర్నాడు ఎండ కాసింది. కుప్ప తిరగేసి ఆరబెట్టి ఎత్తుకున్నారు. మబ్బు పోవడంలో నా గొప్పేమీ లేదు. ఊళ్ళో మాత్రం అదీ నాకు ముందే తెలుసన్నట్టు చెప్పుకున్నారు, నేను దిద్దలేదు. జీవితంలో ఎదుటివాడి తప్పు దిద్దకుండా ఊరుకున్నది అదొక్కటే. ఇప్పుడు కోతలొస్తే చెవి శుభ్రం చేసుకుని కూర్చుంటాను. కాళ్ళు మండేవాళ్ళు కూడా వస్తున్నారు. మిరపకాయ మీద నెట్టకుండా ముందు రక్తపరీక్ష చేయించుకోమంటాను. ఈ జబ్బే కానక్కర్లేదు, చక్కెర జబ్బు కూడా కావచ్చు, ఏదో తెలుసుకోమంటాను. మందు మొదలుపెట్టినవాళ్ళతో, మంట పెరిగితే అరవండి గానీ ఆపకండి అంటాను. గోరింటాకు పెట్టుకోవడం మీ ఇష్టం.

కానీ ఆ రోజు సంగతి ఇంకా కొంచెం ఉంది. కప్పండ్రా అని వాడన్నాక నేను కుప్ప దగ్గరనుంచి లేచి ఇంటివైపు నడిచాను. నాలుగడుగులు వేశానో లేదో, వెనకనుంచి "బావా, ఆగు" అన్నాడు. పురికొస తెగి ఒక చెప్పు మిరపకాయల్లోనే ఉండిపోయింది. నాకు తెలియనే లేదు. ఇంతమంది కూలీల ముందు కోటేశ్వరరావు వంగి, చేత్తో దాన్ని తీసి, దుమ్ము దులిపి, నా కాలి దగ్గర కూర్చున్నాడు. పాదం ఎత్తి చెప్పులో దూర్చి, తెగిన పురికొసకు ముడి వేస్తున్నాడు. అలాంటప్పుడు నాకు కోపం ఒక్కటే అక్కరకొస్తుంది.

"ఏరా, ముల్లుగర్ర తెచ్చుకోలేదా?" అన్నాను.

వాడు తలెత్తలేదు. ముడి ఇంకాస్త బిగించి, "ఎడ్లు అమ్మేశాగా బావా" అన్నాడు.